సర్వర్ పెంచడం కాదబ్బా, ముందు కాష్ సెట్టింగులు చూడండి

సైట్ స్లో అయిందని చెప్తే చాలు, "ప్లాన్ పెంచుకోండి సార్" అంటారు. హోస్టింగ్ వాళ్లు అన్నారంటే అర్థం ఉంది, అది వాళ్ల వ్యాపారం. మన కుర్రాళ్లు కూడా అదే పాట పాడుతుంటేనే ఒళ్లు మండుతుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల రైతులు తలా కొంత వేసుకుని నడుపుకునే సైట్ మాది. కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్), సీడ్ అంటే రొయ్య పిల్లల కబుర్లు, వైట్ స్పాట్ తెగులు ఎక్కడ తగిలింది, తుపాను హెచ్చరికలు, అంతే. దీనికి అంత పెద్ద సర్వర్ ఎందుకయ్యా?

ఉన్న చిన్న సర్వరే పగలంతా ఖాళీగా కూర్చుంటుంది. సాయంత్రం రేట్లు పెట్టీ పెట్టగానే అల్లూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అటు కొత్తపట్నం, సింగరాయకొండ వైపు నుంచి అందరూ ఒక్కసారే తెరుస్తారు. ఆ వచ్చిన ప్రతి మనిషికీ, సర్వర్లో పేజీలు కట్టే ప్రోగ్రామ్ పీహెచ్‌పీ లేచి, డేటాబేస్‌ని అడిగి, అదే 30 కౌంట్, అదే 50 కౌంట్, అదే 100 కౌంట్ తెచ్చి, పేజీని మళ్లీ మొదటి నుంచి కట్టి ఇస్తుంది. అక్షరం తేడా ఉండదు. సెకనుకు 50 మంది వచ్చారనుకోండి, నిమిషంలో 3000 సార్లు కట్టిన పేజీనే కట్టడం. ఒకసారి కట్టినదాన్ని 60 సెకన్లు దాచి అందరికీ అదే ఇస్తే, ఆ 3000లో పీహెచ్‌పీ దాకా వెళ్లేది ఒక్కటి. పేజీ కాష్ అంటే ఇంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

అందరూ పెడుతూనే ఉన్నారుగా అంటారా? పెడుతున్నారు. ప్లగిన్ వేసి, కనబడిన ప్రతి గడిలో టిక్కు కొట్టి, గడువు ఒక రోజు అని వదిలేసి పోతున్నారు. మా సైట్‌కి ఇంతకుముందు పనిచేసినవాళ్లూ అదే చేసిపోయారు. ఒకరోజు 50 కౌంట్ రేటు పడిపోయింది. పట్టుబడికి గుంట గట్టు మీద ఐస్ బండి నిలబెట్టుకుని రైతు ఫోన్ చూస్తే అందులో నిన్నటి రేటు, ఏజెంటు చెప్పేది ఈరోజు రేటు. మాటామాటా పెరిగింది, చివరికి నాకు ఫోన్. "అబ్బయ్యా, మీ సైట్లో ఉండేది నిన్నటి రేటంట గదా, నేనీడ అనవసరంగా గొడవేసుకుంటి." ఆయనకేం చెప్పాలి? గడువు 86400 సెకన్లు పెట్టేసి పోయారు మామా అని చెప్పనా?

నెల్లూరు చేపల పులుసు మర్నాడు తింటేనే రుచి. రొయ్య రేటు అట్టా కాదే! అన్ని పేజీలకీ ఒకే గడువు పెట్టడమే అసలు తప్పు. రేట్ల పేజీకి ఒక నిమిషం చాలు. వైట్ స్పాట్ గురించి రాసిన పాత వ్యాసానికి ఒక రోజు పెట్టినా ఎవరికీ నష్టం లేదు. ఫోటోలకి, స్టైల్ ఫైళ్లకి ఏడాది పెట్టుకోవచ్చు, మార్చినప్పుడల్లా ఫైలు పేరు మారిస్తే సరిపోతుంది. ఇంకోటి, గడువు సర్వర్ దగ్గర పెట్టాలి గానీ రైతు ఫోన్లో కాదు. బ్రౌజర్‌కి మాక్స్-ఏజ్, అంటే కాపీ దాచుకునే గడువు, ఒక గంట ఇచ్చామంటే ఆ ఫోన్లో కూర్చున్న కాపీని మనం ఇక్కడినుంచి తుడవలేం. రేట్ల పేజీకి బ్రౌజర్ వైపు సున్నా ఇచ్చి, మధ్యలో ఉండే కాష్‌లకు ఎస్-మాక్స్ఏజ్ అనే గడువు వేరేగా ఇవ్వాలి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, చాలామంది దీని దాకా రారు. కొత్త రేటు ఎక్కించగానే పాత కాపీని తుడిచేస్తాం, సరే. మరి జనం విరగబడేది కూడా సరిగ్గా ఆ క్షణంలోనే! కాపీ లేదు కాబట్టి వచ్చినవాళ్లంతా పీహెచ్‌పీ మీద పడతారు, ఉన్న వర్కర్లు నిండిపోతారు, మిగతావాళ్లు క్యూలో, కాసేపటికి 504, అంటే సర్వర్ టైముకి జవాబివ్వలేదన్న ఎర్రర్. కాష్ పెట్టినా సైట్ పడిపోయిందేందబ్బా అని తలపట్టుకునేది అప్పుడే. పీహెచ్‌పీ ముందు నిలబడి కాపీలు దాచిపెట్టే వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌లో కాష్ లాక్ ఆన్ చేస్తే మొదటివాడు ఒక్కడే లోపలికి వెళ్తాడు, మిగతావాళ్లు ఆ కాపీ వచ్చేదాకా ఆగుతారు. గడువు తీరిన కాపీ ఉంటే కొత్తది తయారయ్యే లోపు దాన్నే ఇచ్చే 'యూజ్ స్టేల్ అప్‌డేటింగ్' కూడా ఉంది. నన్నడిగితే అసలు తుడవడమే వద్దు. రేటు సేవ్ అవ్వగానే మన స్క్రిప్టే కాష్‌ని బైపాస్ చేసి ఆ పేజీని ఒకసారి తెరిస్తే, పాతదాని స్థానంలో కొత్త కాపీ కూర్చుంటుంది, ఎవరూ ఆగే పనే ఉండదు.

ఇంత చేసినా మా కాష్ చాలాకాలం పనే చెయ్యలేదు. కారణం, పేజీ అడుగున "మీరు ఇన్నో సందర్శకులు" అని తిరిగే కౌంటర్. కమిటీలో ఒక పెద్దాయనకి అదంటే ప్రాణం. అది ప్రతి పేజీలో పీహెచ్‌పీ సెషన్ తెరుస్తుంది, సెషన్ తెరవగానే ఈ మనిషి ఎవరో గుర్తుపట్టే కుకీ అనే చీటీ బ్రౌజర్‌కి వెళ్తుంది, సెట్-కుకీ ఉన్న జవాబుని ఎంజిన్‌ఎక్స్ దాచుకోదు. పైగా పీహెచ్‌పీ తనంతట తనే ఈ పేజీ గడువు 1981 నవంబర్ 19న తీరిపోయింది అని హెడర్ (పేజీతో పాటు వెళ్లే సూచన) తగిలిస్తుంది. నిజంగానే, ఆ తేదీ పీహెచ్‌పీలో అలాగే రాసి ఉంది. కౌంటర్ తీసేద్దామంటే పెద్దాయన అలిగారు. దాన్ని జావాస్క్రిప్ట్‌తో విడిగా పిలిచే చిన్న రిక్వెస్టుగా మార్చాం, పేజీకి కుకీ గొడవ పోయింది, ఆయన అంకె ఆయనకి ఉంది. ఫేస్‌బుక్ లింకుల చివర తగిలే ఎఫ్‌బీక్లిడ్ అనే తోకదీ ఇదే వరస. ఒక్కో క్లిక్కుకి ఒక్కో తోక, కాష్‌కి ఒక్కోటీ కొత్త పేజీలాగే కనిపిస్తుంది. కాష్ ఏ పేజీ ఏదో గుర్తుపట్టే పేరు, అదే కాష్ కీ, అందులో నుంచి దాన్ని తీసెయ్యాలి.

లాగిన్ అయినవాళ్ల పేజీలు మాత్రం కాష్‌లోకి పోకూడదు, ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణే. 2015 క్రిస్మస్ రోజు స్టీమ్ గేమ్స్ స్టోర్‌లో జరిగింది ఇదే. దాడి ట్రాఫిక్‌ని తట్టుకోవడానికి మార్చిన కాష్ సెట్టింగు వల్ల ఒకరి ఖాతా పేజీలు ఇంకొకరికి కనబడ్డాయి, సుమారు 34,000 మంది వివరాలు అలా బయటపడ్డాయి. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. మా సైట్లో లాగిన్ వెనక రైతు గుంటల లీజు, మేత బాకీ ఉంటాయి. అవి పక్క ఊరివాడి ఫోన్లో తెరుచుకుంటే ఆ రైతు ముందు తలెత్తుకుని నిలబడగలమా? లాగిన్ కుకీ ఉంటే బైపాస్, ఆ పేజీలకి ప్రైవేట్, నో-స్టోర్, అంటే ఎక్కడా దాచొద్దని హెడర్. దీనికి బేరం లేదు.

సైట్ కాపీలు ఊరూరా దాచి దగ్గరనుంచి ఇచ్చే సీడీఎన్ పెట్టాం, చెన్నైలోనే వాళ్ల సెంటర్ ఉంది, ఇంకేం టెన్షన్ అనేవాళ్లకి ఒక్క మాట. క్లౌడ్‌ఫ్లేర్ లాంటిది కూడా మనం రూల్ రాయకపోతే హెచ్‌టీఎంఎల్ పేజీని దాచదు, బొమ్మలు, స్క్రిప్టుల లాంటివే దాస్తుంది. రేట్ల పేజీ ఎప్పట్లాగే నేరుగా మీ సర్వర్ మీదే పడుతుంది.

ఊరికే నమ్మొద్దు, చూసుకోండి. పేజీ కాష్ నుంచి వచ్చిందో లేదో చెప్పే అప్‌స్ట్రీమ్ కాష్ స్టేటస్‌ని ఒక హెడర్‌గా బయటికి పంపించి, లాగిన్ కాకుండా రేట్ల పేజీని కర్ల్ అనే కమాండ్‌తో రెండుసార్లు అడగండి. రెండోసారి కూడా మిస్ (కాష్‌లో కాపీ లేదు) అనే వస్తే కుకీ దగ్గర మొదలుపెట్టి వెతకండి, సగం సైట్లలో దొంగ అక్కడే దొరుకుతాడు.