రాళ్ళకి టికెట్ పెట్టండి మహాప్రభో!

హైదరాబాద్ గుట్టల మీది గుండ్రాళ్ళ మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. వాటికి వయసొచ్చింది గానీ లౌక్యం రాలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందటి పుట్టుక. హిమాలయాలు లేవకముందు, డైనోసార్లు రాకముందు, భూమ్మీద చెట్టూ చేమా లేనప్పటి నుంచీ ఉన్నాయి. ఇంత సీనియారిటీ పెట్టుకుని కూడా గచ్చిబౌలిలో గజం ఎంత పలుకుతోందో కనుక్కోకుండా అక్కడే కూర్చున్నాయి. మరి ఊరుకుంటారా? ఒకరోజు విజిల్ వేస్తారు, ఎర్రజెండా ఊపుతారు, ఢామ్మంటుంది. సాయంత్రానికి టిప్పరెక్కి క్రషర్‌కి బయల్దేరతాయి.

అలాగని మనవాళ్ళకి రాళ్ళంటే గిట్టదనడం అన్యాయం. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, కార్లేసుకుని హంపీ పోతారు. 1986లోనే యునెస్కో జాబితాకెక్కిన చోటు కదా! గుళ్ళు గబగబా ముగించి, పొద్దుగూకేవేళకి మాతంగ కొండెక్కి, చుట్టూ పేర్చినట్టున్న గుండ్లు చూసి "అబ్బ, ఏం నేచర్ రా బాబూ!" అని నిట్టూరుస్తారు. అలాంటి గ్రానైటు గుండ్లే ఖాజాగూడలో ఆఫీసు కిటికీలోంచి కనబడితే "ఇవి ఎప్పుడు తీసేస్తారో" అంటూ బ్లైండ్స్ దించేస్తారు.

కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడైతే జాషువా ట్రీ నేషనల్ పార్కుకి డాలర్లు కట్టి మరీ వెళ్ళాడు. అక్కడి గుండ్ల వయసు ఇంచుమించు పది కోట్ల ఏళ్ళు. మన గుట్టల లెక్కలో నిన్నగాక మొన్న పుట్టినట్టు. "మామయ్యా, ఇలాంటివి ఇండియాలో ఉండవు" అని వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. వాడు ఇంజినీరింగ్ చదివింది గచ్చిబౌలిలో.

తప్పు రాళ్ళదే. ఎక్కడో భూగర్భంలో కరిగిన రాతి ముద్ద తీరిగ్గా చల్లారింది. పైనున్న పొరలు అరిగిపోయాక బయటపడింది, పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగి, మూలలు నానిపోయి, మెత్తబడిన మట్టి కొట్టుకుపోయి, చివరికి గుండు మీద గుండు నిలిచింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయితే ఏకంగా రాతి పుట్టగొడుగే నిలబడింది. దీనికి టెండరు పిలవలేదు, ఎస్టిమేటు లేదు, ప్రారంభోత్సవం లేదు, శిలాఫలకం అసలే లేదు. ఇలాంటి పనిని ఎవరు గుర్తిస్తారు?

ఆ రాళ్ళ మీద కాపురముండే తొండ సంగతీ అంతే. మగతొండ మామూలు రోజుల్లో రాతి రంగులో కలిసిపోయి ఉంటుంది. జత కట్టే కాలం రాగానే వీపు ఎర్రగానో నారింజగానో, పక్కలు కాటుకలా నల్లగా మార్చుకుని, అన్నిటికంటే ఎత్తయిన గుండెక్కి పుషప్స్ తీస్తుంది. ఫీజు లేకుండా, ట్రైనర్ లేకుండా! పక్క బిల్డింగులో జిమ్ముకి ఏడాది డబ్బు ముందే కట్టి మానేసినవాళ్ళకి ఇది కంటగింపు కాదా?

అందుకే మన వెంచర్లవాళ్ళు తెలివిగా ఆలోచించారు. లోపలి గుట్టంతా పేల్చి చదును చేశాక, గేటు దగ్గర ఇనుప జాలీ మీద సిమెంటు పూసి, గోధుమరంగు కొట్టి, కొత్త బండలు కట్టిస్తారు. మోటారు వేస్తే వాటి మీంచి జలపాతం దూకుతుంది. కరెంటు పోతే ఆగి, జెనరేటర్ అందుకోగానే మళ్ళీ దూకుతుంది. ఆ కాలనీ పేరు రాక్ వ్యూ. ఇక ఫ్లాట్ లోపల చీమకుర్తి గెలాక్సీ రాతి వంటగట్టు ఉండనే ఉంది. రాయన్నాక కోయించుకోవాలి, పాలిష్ పెట్టించుకోవాలి, నెత్తిన మిక్సీ మోయాలి. అప్పుడే దానికి మర్యాద.

1996 నుంచీ సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ గుట్టల చుట్టూ జనాన్ని నడిపిస్తున్నారు, పాపం. ఎక్కడికి? ఊళ్ళోకే! ఊళ్ళో ఉన్నదాన్ని చూడ్డానికి ఆదివారం పూట ఎవరు లేస్తారండీ?

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి ఇది. ముందు గుట్ట చుట్టూ కంచె వెయ్యండి. కౌంటరు పెట్టండి. పార్కింగుకి ఇంత, కెమెరాకి ఇంత అని వసూలు చెయ్యండి. "రాళ్ళతో సెల్ఫీ నిషిద్ధం" అని బోర్డు పెడితే సెల్ఫీల సంగతి జనమే చూసుకుంటారు. దూరం తగ్గిందన్న లోటుకి కూడా మందుంది. ఖాజాగూడవాళ్ళని తెల్లారకముందే బస్సెక్కించి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పూర్తిగా ఒక చుట్టు తిప్పి, దారిలో ఆరిపోయిన ఇడ్లీ పెట్టించి, వాళ్ళింటి వెనక గుట్ట దగ్గరే దించాలి. టికెట్ ధరలో మాత్రం మొహమాటం వద్దు. విదేశీయులకి ఒక రేటు, బయటి ఊళ్ళవాళ్ళకి ఒక రేటు పెట్టి, ఆధార్‌లో హైదరాబాద్ అడ్రసు కనబడితే రెట్టింపు గుంజండి. మూడు నెలలు ముందే బుకింగ్ నిండిపోకపోతే నన్నడగండి. రికమెండేషన్ లెటర్లకి విడిగా ఒక కోటా మాత్రం ఉంచండి.