సవరణ: ఎస్‌సీఎల్ లేయర్‌కు బైలీనియర్ వాడకూడదు

బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు మ్యాప్ కోసం సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో 20 మీటర్ల పిక్సెళ్లున్న లేయర్లన్నిటినీ బైలీనియర్‌తో (పక్క పిక్సెళ్ల విలువలను దూరాన్ని బట్టి కలిపి లెక్కగట్టే పద్ధతి) 10 మీటర్లకు తెచ్చుకోమని గత పోస్టులో రాశాను. బ్యాండ్ 11లో ఉండేవి కాంతి కొలతలు కాబట్టి దానికి అది సరైనదే. ఎస్‌సీఎల్‌కు (ఏ పిక్సెల్‌లో ఏముందో చెప్పే వర్గీకరణ లేయర్) మాత్రం తప్పు. ఆ తప్పు నాదే.

ఎస్‌సీఎల్‌లో ఉండేవి కొలతలు కావు, కోడ్‌లు. ఆ డేటాతో వచ్చే అధికారిక పట్టిక ప్రకారం 4 అంటే పచ్చదనం, 5 అంటే మొక్కల్లేని నేల, 6 అంటే నీరు. గట్టు దగ్గర 4, 6 పక్కపక్కన పడతాయి. బైలీనియర్ 4ను ముప్పావు వంతు, 6ను పావు వంతు కలిపి 4.5 ఇస్తుంది, రౌండ్ చేస్తే 5. అలా చెరువు చుట్టూ లేని బీడు నేల ఒక చారలా పుట్టుకొస్తుంది. చూడ్డానికి నిజమైన గట్టులాగే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. నీటికీ, మేఘమయ్యే అవకాశం ఎక్కువని చెప్పే 9కీ మధ్య ఇంకా ఘోరం: 7 (వర్గీకరించనిది), 8 (మేఘమయ్యే అవకాశం ఒక మోస్తరు) వస్తాయి.

క్యూజీఐఎస్ (ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్) లోని వార్ప్ టూల్‌లో ఎస్‌సీఎల్‌కు నియరెస్ట్ నైబర్ (అతి దగ్గరి పిక్సెల్ కోడ్‌నే తీసుకునే పద్ధతి) ఎంచుకోండి, రిజల్యూషన్ 10 ఇవ్వండి, ఎక్స్‌టెంట్ (మ్యాప్ హద్దులు) 10 మీటర్ల బ్యాండ్ 3 నుంచి తీసుకోండి. లేకపోతే పిక్సెళ్లు పక్కకు జరగవచ్చు. కోడ్‌ల లేయర్‌ను 10 నుంచి 20కి తగ్గించాలంటే మోడ్ (ఎక్కువసార్లు వచ్చిన కోడ్) వాడండి, యావరేజ్ వద్దు.

ఇప్పటికే బైలీనియర్‌తో చేసినవాళ్లు ఆ ఫైలును దిద్దలేరు. అసలు 20 మీటర్ల లేయర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.