వరం సరే, షరతు ఏది?

‘కల్కి 2898 ఏడీ’ విడుదలైన వారం, 2024 జూన్ చివర్లో, మా అక్క కూతుర్ని వెంటబెట్టుకుని సినిమాకి వెళ్లాను. అప్పుడే ఇంటర్లో చేరిన పిల్ల. హాలు బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగింది: “పిన్నీ, చావు లేకపోవడం వరం కదా? కృష్ణుడు అశ్వత్థామకి దాన్ని శాపంగా ఇవ్వడమేంటి?”

ఆ వేసవి సెలవుల్లో తను చదివినవి ‘ట్వైలైట్’ నవలలు, నాలుగుకి నాలుగూ. నెత్తురు తాగి బతికే, చావు లేని వాంపైర్ల కథలు. అక్కడ చావు లేకపోవడమంటే తరగని అందం, అలసట తెలియని ఒళ్లు, విడిపోతామన్న భయం లేని ప్రేమ. ఆ పుస్తకాలు చదివి వచ్చిన పిల్ల, మానని గాయంతో యుగం చివరిదాకా తిరగాల్సిన ముసలివాణ్ణి తెర మీద చూస్తే ఆ అనుమానం రాక మానదు. ఆటోలో ఏదో చెప్పాను కానీ నా జవాబు నాకే నచ్చలేదు. అప్పట్నుంచి సైఫై సినిమా ఏది చూసినా, దెయ్యాలూ వాంపైర్లూ ఉన్న టీనేజ్ నవల ఏది చదివినా ఆ ప్రశ్నే గుర్తొస్తోంది. అద్భుతం జరిగింది, బాగుంది. దానికి బదులుగా ఎవరు ఏం పోగొట్టుకున్నారు? ఈ లెక్క ఉన్న కథ నాతో ఇంటిదాకా వస్తుంది. లేని కథ పార్కింగ్ దాటకముందే జారిపోతుంది.

ముగింపులు చెప్పకుండా ఈ విషయం మాట్లాడలేను. ఇంకా చూడనివాళ్లు, చదవనివాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ట్వైలైట్‌ని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాళ్లలో లేను. స్టెఫనీ మేయర్ 2005లో తెచ్చిన మొదటి నవలలో గట్టి చిక్కుముడి ఒకటి ఉంది. ఎడ్వర్డ్ 1901లో పుట్టాడు. 1918లో షికాగోలో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే ఒక డాక్టరు అతన్ని వాంపైర్‌గా మార్చాడు. వయసు పదిహేడు దగ్గర ఆగిపోయింది. ఫోర్క్స్ అనే వానల ఊళ్లో, క్లాసులో బెల్లా వచ్చి పక్కన కూర్చున్న రోజు నుంచీ అతనికి ఆమె మీద ఎంత ప్రేమో ఆమె నెత్తురు కోసం అంత దాహం. పదహారేళ్ల వయసులో తొలిప్రేమ అచ్చం అలాగే భయపెడుతుంది. దగ్గరికి పోతే ఏమైపోతామో అని, పోకపోతే బతకలేమేమో అని. ఆ భయాన్ని మేయర్ పట్టుకుంది కాబట్టే అన్ని దేశాల పిల్లలు ఆ పుస్తకాల్ని దిండు కింద పెట్టుకుని చదివారు.

మూడు పుస్తకాల పాటు మనకి ధర చెబుతూనే వచ్చారు. బెల్లా వాంపైర్‌గా మారితే నాన్నకి దూరం కావాలి. కొత్తగా మారిన వాంపైర్ చాలాకాలం దాహంతో ఒళ్లు తెలియకుండా ఉంటుంది. పిల్లలు పుట్టరు. మూడో పుస్తకంలో ఎడ్వర్డ్ ఇంట్లోనే ఉండే మరో వాంపైర్ రోజలీ తన గతం చెప్పుకుంటుంది. అందం అంతా అలాగే ఉంది, కానీ ఒడిలో బిడ్డ లేదు, భర్త పక్కన కూర్చుని తల నెరిసే రోజు ఎప్పటికీ రాదు. నీ చేతిలో ఉన్నదాన్ని వదులుకోకని బెల్లాకి చెప్పడమే ఆమె ఉద్దేశం. సిరీస్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీలు అవి. తీరా 2008లో నాలుగో పుస్తకం వచ్చేసరికి బాకీ మొత్తం మాఫీ అయిపోయింది. బెల్లా మొదటి రోజే దాహాన్ని అదుపులో పెట్టేసుకుంటుంది. మారకముందే కూతురు పుట్టేస్తుంది. నాన్నా దూరం కాడు. చివరికి జరగాల్సిన యుద్ధం కూడా జరగకుండానే అందరూ వెనక్కి వెళ్లిపోతారు. రోజలీ చెప్పిందంతా ఏమైనట్టు? ఆ పేజీలు రాసిన రచయిత్రే వాటిని మర్చిపోవడం నాకు బాధ కలిగించింది.

మన కథల్లో వరం ఇలా ఊరికే దొరకదు. హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, ఇంటా బయటా, మనిషీ మృగమూ అని ఎన్ని తలుపులు మూసుకున్నా గడప మీద, సందెవేళ ఒక సందు మిగిలిపోయింది. సావిత్రికి యముడు భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడు. ఆ ‘తప్ప’ అన్న మాట చుట్టూనే కథంతా తిరిగింది. చిన్నప్పుడు మనం ఊపిరి బిగబట్టి విన్నది వరం కోసం అనుకుంటాం కానీ, మనల్ని కూర్చోబెట్టింది షరతే.

వీటన్నిటిలో నాకు కచుడూ దేవయానీ కథ మీద ప్రత్యేకమైన మమకారం. నన్నయ ఆదిపర్వంలో ఉన్న ఈ కథని ఇవాళ్టి పిల్లలకి చెప్పి చూడండి, టీనేజ్ నవల అనే అనుకుంటారు. శత్రువుల ఇంటికి చదువు కోసం వచ్చిన కుర్రాడు. గురువుగారి అమ్మాయికి అతని మీద ప్రేమ. గురువు శుక్రుడి దగ్గర చచ్చినవాళ్లని బతికించే మృతసంజీవని ఉంది, అతను వచ్చింది దానికోసమే. రాక్షసులు కచుణ్ణి చంపుతారు, కూతురి ఏడుపు చూడలేక శుక్రుడు బతికిస్తాడు. ఆఖరికి వాళ్లు అతన్ని కాల్చి, ఆ బూడిద సురలో కలిపి శుక్రుడి చేతే తాగిస్తారు. ఇప్పుడు కచుడు బతకాలంటే శుక్రుడి కడుపు చీల్చుకుని రావాలి. దేవయానికి తండ్రి కావాలి, అతనూ కావాలి. శుక్రుడు కడుపులో ఉన్న శిష్యుడికే మంత్రం నేర్పుతాడు. కచుడు బయటికి వచ్చి, చనిపోయిన గురువుని అదే మంత్రంతో లేపుతాడు.

ఇక్కడితో ఆపితే అందరూ సుఖంగా ఉన్నట్టే. వ్యాసుడూ ఆపలేదు, నన్నయా ఆపలేదు. పెళ్లి చేసుకొమ్మని దేవయాని అడిగితే, నీ తండ్రి కడుపులోంచి పుట్టాను కాబట్టి నువ్వు నాకు తోబుట్టువువి అంటాడు కచుడు. అతన్ని బతికించిన ఉపాయమే ఆ ప్రేమకి అడ్డం పడింది. ఆ మంత్రం నీకు పనిచేయదు పో అని ఆమె శపిస్తుంది. నాకు పనిచేయకపోయినా నేను నేర్పినవాళ్లకి పనిచేస్తుందని అతను బదులిస్తాడు. ఎవరికి ఏం దక్కిందో, ఏం పోయిందో తూకం వేసినట్టు కనిపిస్తుంది. నాలుగు సంపుటాల ట్వైలైట్‌లో నాకు దొరకనిది ఈ ఒక్క ఘట్టంలో దొరికింది.

సైఫై సినిమాలకి వద్దాం. క్రిస్టఫర్ నోలన్ ‘ఇంటర్‌స్టెల్లార్’ 2014 నాటిది. పదేళ్ల తర్వాత 2024 డిసెంబర్‌లో బయటి దేశాల్లో మళ్లీ విడుదలైనప్పుడు మన పెద్ద తెరలన్నీ ‘పుష్ప 2’తో నిండి ఉన్నాయి. ఇక్కడికి 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. ఇంట్లో టీవీలో ఎన్నోసార్లు చూసిన సినిమాకి కుర్రాళ్లు మళ్లీ టికెట్ కొని ఎందుకు వెళ్లారు? అందులోని కృష్ణబిలం, అదే బ్లాక్ హోల్, కోసం కొందరు వెళ్లి ఉంటారు. దాన్ని చూపించడంలో సాయం చేసిన భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్‌కి 2017లో నోబెల్ కూడా వచ్చింది. నా మటుకు నేను ఇరవై మూడేళ్ల సందేశాల సీను కోసం వెళ్లాను. పిల్లల్ని భూమ్మీద వదిలి అంతరిక్షంలోకి వెళ్లిన హీరో కూపర్ ఒక గ్రహం మీద దిగుతాడు. అక్కడ ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు గడుస్తాయి. ఈ షరతు ముందే చెప్పారు, మనం విన్నాం, తల ఊపాం. తీరా కూపర్ తిరిగొచ్చి స్క్రీన్ ముందు కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్లైపోయి ఉంటారు. ఐన్‌స్టీన్ లెక్క కాస్తా ఒక తండ్రి పోగొట్టుకున్న సంవత్సరాలుగా మారిపోతుంది. పక్క సీటులో ఎవరో ముక్కు చీదడం వినిపించింది. నా సంగతీ అంతే.

తెలుగులో ఆ పని చేసిన సినిమా 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’. శర్వానంద్ చేసిన ఆది అనే కుర్రాడు, ప్రమాదంలో పోయిన అమ్మని కాపాడుకోవడానికి 2019 నుంచి 1998కి వెళతాడు. ఖరీదైన సెట్లు లేవు. కాలంలో వెనక్కి వెళ్లగలవు కానీ రాసిపెట్టి ఉన్నదాన్ని మార్చలేవు అన్న షరతుని దర్శకుడు శ్రీ కార్తీక్ చివరిదాకా వదల్లేదు. అమ్మగా వేసిన అమలని చూస్తున్నంతసేపూ మనకి ఆ టెన్షన్ ఉంటుంది. ఆమె బతకాలని మనమూ కోరుకుంటాం. సినిమా మన మాట వినకపోవడమే దాని గొప్పతనం.

2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’లో హీరోకి శక్తినిచ్చే మణి సూర్యకాంతి ఉంటేనే పనిచేస్తుంది. చిన్న నియమమే, కానీ పొద్దు వాలుతున్నకొద్దీ మనకి గుబులు పుట్టేది దానివల్లే.

ఇక కల్కి. నేను ఈ సినిమాని ఇష్టపడ్డాను, అందుకే దాంతో పేచీ పెట్టుకుంటున్నాను. 1991లో ‘ఆదిత్య 369’తో తెలుగువాళ్లకి టైమ్ మెషీన్ ఎక్కించిన సింగీతం శ్రీనివాసరావు గారి అండతో నాగ్ అశ్విన్ తీసిన సినిమా ఇది. నీళ్లు కరువైన కాశీ, దాని పైన వేలాడే తలకిందుల పిరమిడ్, అందులోకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలన్న నియమం, ఇవన్నీ నన్ను ఆ లోకంలోకి లాగేశాయి. డబ్బు కోసం ఎవర్నైనా పట్టిచ్చే భైరవ, చావు రాక అలసిపోయిన అశ్వత్థామ ఎదురుపడినప్పుడు గొప్ప కథకి కావాల్సిందంతా అక్కడే ఉంది. ఆ తర్వాత జరిగిందేమిటి? భైరవ నిజానికి కర్ణుడని తేలుతుంది, హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే వెలితిగా అనిపించింది. కర్ణుడు అంటేనే షరతుల మూట. అవసరమైనప్పుడు అస్త్రం గుర్తుకు రాదన్న గురుశాపం, నేల మింగిన రథచక్రం, ఒలిచి ఇచ్చేసిన కవచం, తల్లికి ఇచ్చిన మాట. ఇవి తీసేస్తే మిగిలేది మంచి విలుకాడు మాత్రమే. సినిమా మొదటి భాగం కర్ణుడి బలాన్ని తెచ్చుకుని, శాపాల్ని బయట వదిలేసింది. రెండో భాగంలో అవి వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సినిమాలో పిరమిడ్‌ని ఏలే విలన్ యాస్కిన్ శక్తికి అసలు ధర కడుతున్నది ల్యాబుల్లో బందీలైన ఆడవాళ్లు. వాళ్లకి పేర్లు కూడా లేవు, నంబర్లే. దీపికా పదుకొణె పాత్ర బయటపడుతుంది. మిగతావాళ్ల దగ్గర కెమెరా ఆగదు. పది నిమిషాల ఛేజింగ్ తగ్గించి వాళ్లలో ఒక్కరి మొహం మీద రెండు నిమిషాలు నిలిచి ఉంటే ఆ లోకం ఎంత క్రూరమైందో మనకి ఒళ్లు జలదరించేలా తెలిసేది.

బడ్జెట్లు లేకనే మన సైఫై ఎదగలేదన్న వాదన నేను ఒప్పుకోను. జపాన్ నుంచి 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ హాలీవుడ్ లెక్కలో చాలా తక్కువ ఖర్చుతో తీసిందే, ఆస్కార్‌లో విజువల్ ఎఫెక్ట్స్ బహుమతి కొట్టింది. అందులో రాక్షసబల్లి ఎంత బాగుందో, ప్రాణత్యాగానికి వెళ్లి వెనక్కి వచ్చేసిన పైలట్ మనసులోని అపరాధభావం అంతకంటే బాగుంది. షరతు అంటే ఏడుపు అనుకునేవాళ్లూ ఉన్నారు. భస్మాసురుడి కథకి నవ్వని పిల్లలు ఉన్నారా? అక్కడా షరతే నడిపింది.

నవలల్లో నేను మా అక్క కూతురికి ఇచ్చింది పాట్రిక్ నెస్ రాసిన ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. షివాన్ డౌడ్ అనే రచయిత్రికి వచ్చిన ఆలోచన అది. రాయకముందే 2007లో ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది. దాన్ని నెస్ అందుకుని 2011లో పుస్తకంగా తెచ్చాడు. పదమూడేళ్ల కానర్ తల్లి క్యాన్సర్‌తో ఉంది. రాత్రి 12 గంటల 7 నిమిషాలకి ఒక చెట్టు రాక్షసిలా నడిచొచ్చి కిటికీ దగ్గర నిలబడుతుంది. మూడు కథలు నేను చెబుతాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అందులో నిజం ఉండాలి అంటుంది. చదువుతుంటే నాకు బేతాళుడు కళ్లముందు నిలిచాడు. చెట్టు, కథలు, తెలిసీ జవాబు చెప్పకపోతే తప్పని శిక్ష. కానర్ దాచుకున్న నిజం ఏమిటంటే, ఈ బాధ ఎప్పుడు ముగుస్తుందా అని వాడు ఎదురుచూశాడు. అమ్మ బతకాలనీ కోరుకున్నాడు, ఇక అయిపోతే బాగుండనీ అనుకున్నాడు. చెట్టు అమ్మని బతికించదు. వాడి చేత ఆ మాట పలికిస్తుంది. ఆసుపత్రి కారిడార్లలో నెలల తరబడి కూర్చున్నవాళ్లు ఎవరైనా ఆ పేజీల దగ్గర ఆగిపోతారు. నేను ఆగిపోయాను.

తెలుగులో ఆ వయసు పిల్లలకి ఇలాంటి పుస్తకం ఏదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ మనకి బేతాళుణ్ణి నెలనెలా ఇంటికి పంపింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుల సీరియళ్ల కోసం పిల్లలు పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్లేవాళ్లు. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. 1980ల్లో వారపత్రికల్లో వచ్చిన క్షుద్ర నవలలు పెద్దవాళ్ల కోసం రాసినవి, మేం దాచుకుని చదివాం. పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్య ఉన్న పిల్లల్ని ఉద్దేశించి, వాళ్ల భయాల గురించి తెలుగులో రాసేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపిస్తున్నారు. కచుడి కథని ఇవాళ్టి హాస్టల్లోకి, ఎంట్రన్స్ కోచింగ్‌లోకి తెచ్చి ఎవరైనా రాస్తే బాగుండని నాకు గట్టిగా ఉంది. శత్రువుల మధ్య చదువుకునే కుర్రాడు, నేర్చుకున్నది తనకే పనికిరాదని తెలిసిన రోజు. ఆ బాధ మన పిల్లలకి కొత్తేమీ కాదు.

ఆటోలో చెప్పలేకపోయిన జవాబు మొన్న దసరా సెలవుల్లో చెప్పే ప్రయత్నం చేశాను. అశ్వత్థామ దగ్గర మొదలుపెట్టి దేవయాని దాకా వెళ్లాను. “తర్వాత ఆ అమ్మాయి ఏమైంది పిన్నీ?” అంది. యయాతిని పెళ్లి చేసుకుందనీ, అతను చేసిన మోసానికి శుక్రుడు అతన్ని అప్పటికప్పుడు ముసలివాణ్ణి చేశాడనీ, ఇంకొకరు ఆ ముసలితనం తీసుకుంటేనే యౌవనం తిరిగొస్తుందనీ చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చుంది.

“ఎవరు తీసుకుంటారు?”