గల్లంతైన డిపాజిట్టు గారికి

మహారాజశ్రీ డిపాజిట్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఖజానాలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉండక ఎక్కడికి పోతారు లెండి, లోపలికి వెళ్లిన మీవాళ్లు మళ్లీ బయటికొచ్చిన దాఖలా మా గల్లీలో లేదు.

సర్కారు కాగితాల్లో మీ పేరు ధరావతు. మా కాలనీ చివరి బస్తీలో జమానత్ అంటారు. పోయినప్పుడు మాత్రం అందరి నోటా మీరు డిపాజిట్టే. గల్లంతు అనే మాట ఓట్లకూ పడవలకూ కాక మీకొక్కరికే ఇంత బాగా అతికింది.

నేను గుర్తున్నానో లేదో. 2020 నవంబర్ 20, నామినేషన్లకు ఆఖరి రోజు. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. జనరల్ వాళ్లు 5,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలు 2,500 కట్టాలి. మిమ్మల్ని పది ఐదువందల నోట్లుగా కౌంటర్లోకి తోసింది నేనే. మూడు నోట్లు నా ట్యూషన్ ఫీజులవి, నాలుగు మావారివి, రెండు ఎదురింటి రిటైర్డ్ మాస్టారివి. పసుపు మరక ఉన్న పదోది కిరాణా కొట్టు అక్కది. క్లర్కు దాన్ని రెండుసార్లు వెలుతురుకు పెట్టి చూశాడు. "పసుపండీ, శుభమే" అన్నాను. అతను నవ్వలేదు. అప్పుడే అర్థం కావాల్సింది నాకు.

ఎందుకు నిలబడ్డావమ్మా అని మీరడగలేదు, మా అత్తగారు అడిగారు. అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు నాలా పొంగి మా ఇంట్లో మోకాలి దాకా నీళ్లొచ్చాయి. పిల్లల నోట్సులు, రెండు బియ్యం బస్తాలు, ఫ్రిజ్జు, అన్నీ ఒకే చోట తేలాయి. ఆ నాలా మీద ఏడాదిగా నేను పెట్టిన అర్జీలకు లెక్క లేదు. వరద కాలువ ఒక శాఖదట, మురుగు లైను ఇంకో శాఖదట, రెండూ కలిసే చోటు ఎవరిదీ కాదట. వరద సాయం పది వేలు మా గల్లీలో సగం మందికి అందింది. మిగతా సగం మందికి ఎలక్షన్ కోడ్ అందింది. సరే, అడిగేవాళ్లుగా ఉండి లాభం లేదు, ఆ కుర్చీలోనే కూర్చుందాం అనుకున్నాను. వార్డు కూడా జనరల్ మహిళకు వచ్చింది. మహిళకు వచ్చింది అంటే ఏమిటో తర్వాత తెలిసింది.

నవంబర్ 22న ఉపసంహరణలు ముగిసి గుర్తు చేతికొచ్చింది. 29 సాయంత్రం ఆరింటికి మైకులు బంద్. అంటే ఏడు రోజులు. పార్టీల గుర్తులు అప్పటికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లుగా గోడల మీద ఉన్నాయి. నాది ఏడు రోజుల పసిగుడ్డు. కుట్టుమిషన్! కరపత్రంలో దాని బొమ్మ ఎంత నల్లగా అచ్చైందంటే మాస్టారు చూసి "గేదె కూర్చున్నట్టుందమ్మా" అన్నారు. అయినా బ్యాలెట్ మీద నా గుర్తు నాకే పడింది, అదే పదివేలు. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చేస్తే, పోలింగ్ ఆపేసి డిసెంబర్ 3న మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

మా ప్రచార రథం మావారి స్కూటీ. సైన్యం ఆరుగురం. మొదటి రోజు మొదటి ఇంట్లో పెద్దాయన నన్ను దాటి వెనకాల నిలబడ్డ మావారికి దండం పెట్టి "మీరేనా సార్ నిలబడేది" అన్నాడు. "నేనండీ" అన్నాను. "అదేనమ్మా, సార్ తరఫున" అన్నాడు. మూడో రోజు నుంచి మావారిని వీధి చివర స్కూటీ దగ్గరే ఆపేశాం. అప్పుడు "సార్ రాలేదా, ఓట్లు అక్కర్లేదా" అన్నారు. పక్క పార్టీ ఫ్లెక్సీలో అభ్యర్థి కన్నా భర్తగారు రెండింతలున్నారు, పైన ఇంకో పదకొండు మంది నాయకులు. ఆమె ఎక్కడో కింద కుడి మూల, గోధుమ గింజంత. ఆమె గెలిచింది. ఆ ఫ్లెక్సీ అంత ఖర్చు పెడితే మీకు ఇంకో నలుగురు అన్నదమ్ములు పుట్టేవారు.

అపార్ట్‌మెంట్ల సంగతి మీకు చెప్పాలి. గేటు దగ్గర వాచ్‌మన్ "కమిటీ ప్రెసిడెంట్ పర్మిషన్ ఉందా మేడం?" అంటాడు. ఆ ప్రెసిడెంట్ నా ట్యూషన్ పిల్లాడి నాన్నే, ఫోన్ చేస్తే "లోపలికి పార్టీలను రానివ్వం మేడం, రూల్" అన్నాడు. నేను పార్టీ కాదు కదండీ అన్నాను. "అయితే ఇంకా కష్టం" అన్నాడు. ఒకచోట లిఫ్టెక్కి ఐదో అంతస్తులో కాలింగ్ బెల్ కొడితే తలుపుకు గొలుసు తీయకుండానే లోపల్నుంచి శానిటైజర్ సీసా పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది. మనిషి రాలేదు. కరపత్రం ఆ చేతికిచ్చాను. దాని మీద కూడా కొట్టారు. మాస్కు పెట్టుకుని "నా ముఖం గుర్తుపెట్టుకోండి" అని అడిగిన అభ్యర్థిని చరిత్రలో నేనొక్కదాన్నే కాదు, ఆ ఎన్నికల్లో మొత్తం 1,122 మందిమి.

29 దాకా తెరవని ఆ తలుపు డిసెంబర్ 1న కూడా తెరుచుకోలేదు. నగరం మొత్తమ్మీద పోలింగ్ 46 శాతం దాటి ఆగింది. ఆ వారం తలుపు తీసి మాట్లాడినవాళ్లు బస్తీ వాళ్లే. టీ ఇచ్చి కూర్చోబెట్టి, నాలా గురించి నాకన్నా బాగా చెప్పారు. ఒక ముసలమ్మ కరపత్రంలో బొమ్మ చూసి "మిషన్లు ఎప్పుడు పంచుతున్నవ్ బిడ్డా" అంది. పంచను అమ్మా, అది గుర్తు అని చెప్పాను. "అట్లనే అంటరులే" అని భుజం తట్టింది.

ఇక ఖర్చు. పరిమితి 5 లక్షలు. నాకైంది 43 వేలు. టీలకు, పెట్రోలుకు, జిరాక్సులకు రోజువారీ రిజిస్టరు రాయాలి, ఫలితాలొచ్చాక 45 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. రాశాను. "మిర్చి బజ్జీలు, ఆరుగురికి, 120" అని కూడా రాశాను. మా గల్లీలో నాలుగు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా బిర్యానీ పొట్లాలు దిగిన వాహనాలు చూశాక, వాటి లెక్క రాసినవాళ్లు 5 లక్షల గీతలో ఎలా ఇరికించారో, వాళ్ల దగ్గర నా ట్యూషన్ పిల్లల్ని లెక్కలకు చేర్పించాలనిపించింది.

డిసెంబర్ 4, కౌంటింగ్. ఈవీఎంలు కావు, కాగితం బ్యాలెట్లు. పాతికేసి కట్టలు కట్టారు. నావి ఎనిమిది కట్టలు, పైన పద్నాలుగు. మొత్తం 214. పార్టీల కట్టలు ట్రేల నిండా పేరుస్తుంటే నావి ఒక మూల కొత్త కోడలి పెట్టెలా ఉన్నాయి. ఒక ఓటు చెల్లదన్నారు. స్వస్తిక్ ముద్ర వెయ్యాల్సిన చోట ఎవరో నా కుట్టుమిషన్ మీద వేలిముద్ర వేశారు. నా వైపు ఇంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు, అదీ పోయింది.

మీ ప్రాణం పోయింది ఆ లెక్క దగ్గరే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. మా వార్డులో అది దాదాపు 3,500. నాకు కొరతపడినవి 3,286 చిల్లర. చిల్లర అని ఎందుకన్నానంటే మా అత్తగారు అప్పటికీ "కొద్దిలో పోయింది" అని చుట్టాలకు చెబుతున్నారు.

మిమ్మల్ని పెట్టింది ఆషామాషీగా నిలబడేవాళ్లను ఆపడానికట. ఏడాది అర్జీలు ఆషామాషీ, ఐదు వేలు గంభీరం! ఏమో, వయసులో పెద్దవారు, మీతో వాదించను. మీరొక్కరే వెళ్లారని బెంగ కూడా లేదు. ఆ ఎన్నికల్లో ఇండిపెండెంట్లం 415 మందిమి. 150 వార్డుల్లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. కూడి చూసుకోండి, మాకేమైనా మిగిలిందేమో.

మీ రసీదు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. కిరాణా అక్క తన ఐదువందలు అడగలేదు కానీ అప్పట్నుంచి నాకు పసుపు ప్యాకెట్ ఇచ్చేటప్పుడల్లా నవ్వుతుంది. నాలాకు స్లాబు సగం వేశారు. ఆ సగం మాది కాదు, అవతలి వార్డుది.

ఇంకో సంగతి. ఓట్లు లెక్కపెట్టిన మర్నాటి నుంచి ఆ 214 మంది ఎవరా అని వీధిలో కనబడ్డ ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను. ఆరుగురం మేమే, మా ఇళ్లవాళ్లు కొందరు. మిగతా వాళ్లు నాలా కోసం వేసినవాళ్లేనని గర్వంగా ఉండేది. మొన్న కూరగాయల బండి దగ్గర ఆ ముసలమ్మ కనబడి చెయ్యి పట్టుకుంది. "ఓటు నీకే వేసిన బిడ్డా. మిషన్ ఎప్పుడిస్తవ్?"

కాబట్టి లెక్క సరిచేసి పంపుతున్నాను, మీ రికార్డులో దిద్దుకోగలరు: 213.

ఇట్లు,
మీ పూర్వ యజమానురాలు