సవరణ: మాండలిన్ శ్రీనివాస్ గురువు గారి గురించి

మాండలిన్ శ్రీనివాస్ మీద పోయిన వారం రాసిన పోస్టులో "రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర మాండలిన్ నేర్చుకున్నారు" అన్న వాక్యాన్ని "సంగీతం నేర్చుకున్నారు" అని చదువుకోండి. గురువు గారికి మాండలిన్ వాయించడం రాదు. కర్ణాటక సంగీత గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడాయన. ఆయన పాడి వినిపిస్తే, కుర్రాడు దాన్ని తీగల మీద పట్టుకునేవాడు. చిన్నప్పటి నుంచి ఆ క్యాసెట్లు అరగదీసిన వాడిగా నన్నడిగితే, ఆ వాయిద్యంలో గొంతు వినిపించడానికి కారణం ఇదే. ఆ గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించే ఆ ఒంపులు, వేలు పెట్టి ఎవరో చూపించినవి కావు, చెవితో విన్నవి.

ఫొటో కూడా మార్చాను. పాతది ఎనిమిది తీగల మామూలు మాండలిన్‌ది, అందులో తీగలు జంటలుగా ఉంటాయి. శ్రీనివాస్ వాయించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్.

ఊరు మాత్రం మార్చేది లేదు. భీమవరం మిత్రులు ఎంత లాగినా సరే, 1969 ఫిబ్రవరి 28న ఆయన పుట్టింది మా పాలకొల్లులోనే. తొలి కచేరీ భాగ్యం మాత్రం గోదావరి జిల్లా దాటి, 1978లో కృష్ణా జిల్లా గుడివాడకు దక్కింది. అది ఒప్పుకోక తప్పదు!