మహారాజశ్రీ హార్స్‌పవర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హార్స్‌పవర్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమసమాచారాలు అడగవలసిన అవసరం లేదు. ఏ షోరూమ్ గుమ్మం తొక్కినా, ఏ బ్రోచర్ తిరగేసినా, పెళ్ళి భోజనాల దగ్గర ఎవరి కొత్త కారు ప్రస్తావన వచ్చినా తమరి పేరే ముందు వినబడుతున్నది. "ఎన్ని బీహెచ్‌పీ అండీ?" అని, అంటే ఇంజన్‌కు ఎన్ని గుర్రాల బలమని, అడిగిన పెద్దమనిషి, అంకె చెవిన పడగానే ఆ కారు వేగం సంగతంతా తెలిసిపోయినట్టు తల ఊపి, పెరుగు వడ్డించమంటాడు. ఆ తల ఊపడం గురించే నా ఫిర్యాదు.

తమరు పుట్టిందే అమ్మకం కోసం గనుక పూర్తిగా తప్పుపట్టలేను. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్, గుర్రాలతో మిల్లులు తిప్పించుకునే యజమానులకు తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో నచ్చజెప్పవలసి వచ్చి, ఒక గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌనుల పని చేస్తుందని ఖాయం చేసి తమరిని లోకం మీదికి వదిలాడు. ఆ తరువాత ఐరోపాలో తమరు పీఎస్ అనే మెట్రిక్ గుర్రంగా రెండో అవతారం కూడా ఎత్తారు. బ్రిటిష్ గుర్రానికి సుమారు 746 వాట్లు, మెట్రిక్ గుర్రానికి సుమారు 735 వాట్లు కాబట్టి, ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా కదపకుండానే 140 కాస్తా 142 అవుతుంది. ఏ బ్రోచర్‌లో తమరు ఏ అవతారంలో వెలిసి ఉంటారో ఊహించడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు.

అయ్యా, తమరి జీవితచరిత్రలో 1961 మే 14వ తేదీ ఉన్న పుటను ఎవరో చింపేసినట్టున్నారు. ఆ రోజు మొనాకో వీధుల్లో జరిగిన గ్రాండ్ ప్రీ పందేనికి ఫెరారీ సంస్థ మూడు కొత్త కార్లను పంపింది. ఇంజన్ పరిమాణం ఒకటిన్నర లీటర్లు మించరాదని ఆ యేడే వచ్చిన నిబంధన కింద, వాటి ఆరు సిలిండర్ల ఇంజన్లలో తమరు సుమారు 180 నుంచి 190 వరకు కొలువై ఉన్నారు. వాటికి ఎదురు నిలిచిన బ్రిటిష్ డ్రైవరు స్టిర్లింగ్ మాస్ నడిపింది పాతబడిన లోటస్ 18. అది కూడా లోటస్ సంస్థ సొంత కారు కాదు, రాబ్ వాకర్ అనే ప్రైవేటు యజమానిది. అందులోని నాలుగు సిలిండర్ల క్లైమాక్స్ ఇంజన్‌లో తమరి బలగం 150కి అటూఇటూగా మాత్రమే. ఎండ వేడికి తట్టుకోలేక, గాలి ఆడడం కోసం కారుకు రెండు పక్కలా ఉన్న రేకులు కూడా ఊడదీయించుకుని కూర్చున్నాడు మాస్. మలుపు తిరుగుతున్నప్పుడు లోపల మనిషి చేస్తున్న పనంతా బయటివాళ్ళకు కనిపించేది.

వంద చుట్లు. రెండు ముప్పావు గంటలు. తిన్నని దారి దొరికిన చోట ఎర్ర ఫెరారీలు ఎంత దూరం తగ్గించుకున్నా, అప్పట్లో రైల్వే స్టేషన్ పక్కన ఉన్న హెయిర్‌పిన్ మలుపు దగ్గరికి వచ్చేసరికి నూటయాభై గుర్రాలకూ నూటతొంభై గుర్రాలకూ ఒకటే న్యాయం: స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి, ముందు టైర్లు సరేననేదాకా ఓపిక పట్టాలి. అర్హత పరుగులో మాస్ అత్యుత్తమ చుట్టు 1 నిమిషం 39.1 సెకన్లు కాగా, పందెం మొత్తంలో అతని సగటు చుట్టు 1 నిమిషం 39.5 సెకన్లు. అంటే ఒక్కసారి ప్రాణం పెట్టి తీసిన వేగాన్ని వందసార్లు, దాదాపు అలాగే, చాలాసేపు వెనక ఫెరారీలు తరుముతుండగా తీశాడన్నమాట. 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. రెండు, మూడు, నాలుగు స్థానాలు తమరివి. డ్రైవరు గొప్పతనాన్ని కారు ఖాతాలో వేస్తున్నానని తమరు అనవచ్చును. కానీ ఆ గొప్పతనం బయటపడడానికి చెప్పిన మాట వినే కారు ఒకటి కావాలి కదా. ఆ లోటస్ సంస్థను పెట్టిన కాలిన్ చాప్‌మన్, శక్తి పెంచితే కారు తిన్నని దారిలోనే వేగంగా పోతుందనీ, బరువు తగ్గిస్తే అంతటా వేగంగా పోతుందనీ అనేవాడని ప్రతీతి.

ఇందులో మాయ ఏమీ లేదు. ఎంత పెద్ద కారైనా రోడ్డును ముట్టుకునేది నాలుగు చోట్ల, చోటుకు ఇంచుమించు అరచేయంత రబ్బరుతో. ఆ రబ్బరుకు ఉన్న పట్టు నెల జీతం లాంటిది: బ్రేకు, మలుపు, పికప్ అనే ముగ్గురూ అందులోంచే ఖర్చు పెట్టాలి, ఒకరు ఎక్కువ వాడితే మిగతావారికి కోత తప్పదు. మలుపు మధ్యలో ఉండగా తమరు ఉత్సాహపడి యాక్సిలరేటర్ గుండా దూసుకువస్తే, ముందు చక్రాలు లాగే కారైతే తిరగడం మానేసి గట్టు వైపు తిన్నగా పోతుంది, వెనక చక్రాలు తోసే కారైతే తోక ముందుకు రావాలని చూస్తుంది. ఎస్.కోట నుంచి అరకు ఎక్కే ఘాట్‌లాంటి దారిలో 15 మీటర్ల వ్యాసార్ధం గల హెయిర్‌పిన్ ఒకటి ఉందనుకుని, పొడి రోడ్డు మీద మామూలు టైర్ల ఘర్షణ గుణకం, అంటే పట్టు కొలత, 0.8 అని వేసుకుంటే, అక్కడ కారు మోయగల వేగం గంటకు సుమారు 39 కిలోమీటర్లు. ఆ లెక్కలో వ్యాసార్ధం ఉంది, ఘర్షణ ఉంది, భూమ్యాకర్షణ ఉంది. తమరు లేరు. ఎనభై గుర్రాల చిన్న కారుకూ నాలుగు వందల గుర్రాల ఎస్‌యూవీకీ కాగితం మీద జవాబు ఒకటే వస్తుంది. నిజం రోడ్డు మీద ఎస్‌యూవీకి ఇంకాస్త తక్కువే రావచ్చు, ఎందుకంటే టైరు మీద బరువు పెరిగినకొద్దీ దాని పట్టు ఆ నిష్పత్తిలో పెరగదు, పైగా ఎత్తయిన కారు మలుపులో ఒరిగి ఆ బరువునంతా బయటి టైర్ల నెత్తిన పెడుతుంది.

అయినా న్యాయం న్యాయమే. మొనాకో తరువాత కొన్ని వారాలకే బెల్జియంలోని స్పాలో, 14 కిలోమీటర్ల పొడవున విశాలంగా సాగే దారిలో, మొదటి నాలుగు స్థానాలూ ఫెరారీలే పట్టుకుపోయాయి, మాస్ ఎక్కడో వెనకబడ్డాడు. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ కూడా ఫెరారీ నడిపిన ఫిల్ హిల్. తిన్నని దారి పొడవుగా ఉన్నచోట రాజ్యం తమరిదేనని ఒప్పుకుంటున్నాను. అక్కడ కూడా తమరి ఖరీదు ఎక్కువే సుమండీ: గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, గుర్రాలను రెట్టింపు చేస్తే గరిష్ఠ వేగం పెరిగేది దాదాపు నాలుగో వంతు. ఆ పెద్ద ఇంజన్ ముక్కు మీద బరువు, దానికి పెద్ద బ్రేకులు, వాటికి వెడల్పు టైర్లు, వీటన్నిటినీ మోయడానికి మరికొన్ని గుర్రాలు. తమరి సంతానం తమరినే పిలుస్తుంది.

ఇంతకీ తమరి వైభవానికి కారణం వేగం కాదని నా అభిప్రాయం. తమరు ఒకే ఒక అంకెలో ఇమిడిపోతారు, అంకెను పక్కింటివారి అంకెతో పోల్చవచ్చు. స్టీరింగ్ తిప్పిన క్షణానికీ ముక్కు కదిలిన క్షణానికీ మధ్య ఉండే ఆలస్యాన్ని, గతుకు మీద షాక్ అబ్జార్బర్ టైరును నేలకు అదిమి ఉంచే నేర్పును పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకోవడానికి అంకె లేదు. టెస్ట్ డ్రైవ్ ఇచ్చే కుర్రవాడు కూడా తిన్నని బైపాస్ మీదికే తీసుకువెళ్ళి "పికప్ చూడండి సార్" అంటాడు గానీ, రౌండాబౌట్ చుట్టూ తిప్పి చూడమని ఏనాడూ అనడు.

కాబట్టి తమరిని సింహాసనం దిగమనడం లేదు. బ్రోచర్‌లో తమరి పేరు ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారో, దాని కిందనే అంతే అక్షరాలతో కారు బరువు, టైరు వెడల్పు, వంద కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి పట్టే దూరం అచ్చువేయడానికి అనుమతి దయచేయవలసిందిగా ప్రార్థన. జవాబు రాయదలచుకుంటే కిలోవాట్లలో రాయండి. గుర్రాల లెక్కలో అయితే ఏ గుర్రమో తేల్చుకోవడానికి మళ్ళీ ఉత్తరం రాయవలసి వస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఘాట్ రోడ్డులో తమరి వెనకే చిన్న కారులో వస్తూ, దారి ఇస్తారేమోనని చూస్తున్నవాడు