పట్టిక బట్టీపడితే ఈజిప్టు శాసనాలు చదవగలమా?

వాట్సాప్‌లో తరచూ తిరిగే పోస్టు ఒకటుంది. "ప్రాచీన ఈజిప్టు లిపి అంతా బొమ్మలే. ఈ 26 బొమ్మలకు ఏబీసీడీలు సరిపెట్టుకుంటే చాలు, భాష రాకపోయినా వారంలో పిరమిడ్ గోడలు చదివేయొచ్చు" అని రాసి, కింద ఒక పట్టిక ఇస్తారు. ఆసక్తి ఉన్నవాళ్ళు దాన్ని బట్టీపట్టి, అసలు శాసనం ఎదురైతే ఒక్క ముక్కా అర్థంకాక, తమకు చేతకాదనుకుని వదిలేస్తున్నారు. నా బాధంతా అదే. ఈ లిపి సొంతంగా నేర్చుకోవచ్చు, కానీ ఈ దారిలో కాదు.

"అంతా బొమ్మలే" అన్నది పాత అపోహ. 1799లో దొరికిన రొసెట్టా రాయి మీద ఒకే శాసనం హైరోగ్లిఫ్‌లలో (ఈ బొమ్మల గుర్తుల్లో), డెమోటిక్‌లో (అదే భాషను వేగంగా రాసే వాడుక లిపిలో), గ్రీకులో ఉంది. ఈ లిపి ముడి విప్పిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ కూర్చుని లెక్కపెట్టాడు. గ్రీకులో మాటలు 500 కూడా లేవు. పైభాగం విరిగిపోగా మిగిలిన హైరోగ్లిఫ్‌లే 1,400 దాటాయి. గుర్తుకో మాట అయితే ఈ లెక్క కుదరదు.

ఇంటి బొమ్మనే చూడండి. దాని కింద చిన్న నిలువు గీత ఉంటే అది ఇల్లే. అదే బొమ్మకు నోరు, నడిచే కాళ్ళ జత తోడైతే "బయటికి వెళ్ళు" అనే క్రియ అవుతుంది. అక్కడ ఇల్లు ప్, ర్ అనే రెండు హల్లులను ఇస్తుంది. నోరు ఆ 'ర్'నే ఇంకోసారి ఖాయం చేస్తుంది. కాళ్ళకు పలుకే లేదు, ఇది కదలికకు సంబంధించిన మాట అని చెప్పడమే వాటి పని.

ఇక 26 అక్షరాల పట్టిక. ఒక్కో హల్లును సూచించే గుర్తులు రెండు డజన్ల దాకా ఉన్న మాట నిజం, ముందుగా నేర్వాల్సినవీ అవే. కానీ రెండేసి, మూడేసి హల్లులు పలికేవి, అసలు పలకనివి కలిపితే మామూలు పాఠాలకే కొన్ని వందల గుర్తులు కావాలి. పైగా పట్టికలో 'ల'కు పెట్టే సింహం, టోలెమీ, క్లియోపాత్రా లాంటి గ్రీకు పేర్లు రాయడానికి వాడింది. 'ఎ' అని చూపించే రాబందు అచ్చే కాదు, గొంతులో పలికే ఒక హల్లు. ఆ లిపిలో అచ్చులు రాయరు. మన రాతలోంచి గుణింతాలన్నీ తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే "భాష అక్కర్లేదు" అన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. 1822లో షాంపోలియన్ ముడి విప్పగలిగాడంటే, ప్రాచీన ఈజిప్టు భాషకు చివరి రూపమైన కాప్టిక్ ఆయనకు బాగా వచ్చు కాబట్టే. టుటంఖామున్ అనే రాజు పేరున్న కార్టూష్, అంటే రాజుల పేర్ల చుట్టూ గీసే కోలాకారపు చట్రం, చూడండి. గుర్తుల వరుసలో ముందు వచ్చేది 'అమున్', తర్వాత 'టుట్', ఆ తర్వాత 'అంఖ్'. దేవుడి పేరును గౌరవంగా ముందు రాస్తారు, చదివేటప్పుడు చివరికి తెస్తారు. ఇది ఏ ఏబీసీడీ పట్టికా చెప్పదు.

పిరమిడ్ గోడల సంగతి ఒక్క మాటలో. గిజా మహా పిరమిడ్ లోపల చదవడానికి శాసనాలే లేవు. ఉన్నవల్లా పనివాళ్ళ బృందాలు రంగుతో రాసిన గుర్తులు. గోడల నిండా పాఠాలు కావాలంటే సక్కారాలో ఉనాస్ అనే రాజు పిరమిడ్‌కు వెళ్ళాలి.

మరి సొంతంగా ఎక్కడ మొదలుపెట్టాలి? మధ్య ఈజిప్షియన్ (ప్రాచీన ఈజిప్టు భాషకు ప్రామాణిక రూపం) వ్యాకరణంతో. ఒక్కో హల్లు గుర్తులు రాగానే మ్యూజియంలు ఆన్‌లైన్‌లో పెట్టిన సమాధి ఫలకాల ఫొటోలు ముందు పెట్టుకోండి. పక్షులు, మనుషులు ఎటు చూస్తుంటే అటువైపు నుంచి చదవాలి. చాలా ఫలకాలు "హెతెప్ ది నెసు", అంటే "రాజు ఇచ్చే నైవేద్యం" అన్న ఒకే మాటతో మొదలవుతాయి. అక్కడా రాజు గుర్తే ముందుంటుంది. ఆ తర్వాత మృతుల దేవుడు ఒసైరిస్ పేరు, రొట్టె, బీరు, ఎద్దు మాంసం, బాతుల్లాంటి పక్షులు, చివర చనిపోయిన మనిషి పేరు. ఒక ఫలకం పట్టుబడితే రెండోదాంట్లో సగం ముందే తెలిసి ఉంటుంది.